నొప్పికి సాక్ష్యం

మా అక్క ఒక ఫారం పంపించి, "నేను చెప్పింది కాదురా, నువ్వు చూసింది రాయి" అంది. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ కింద వైకల్య భృతికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళ గురించి, వాళ్ళని దగ్గర్నుంచి ఎరిగిన ఇంకొకరు నింపే ఫారం అది. ప్రశ్నలు చూడటానికి తేలిగ్గానే ఉన్నాయి. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఈ మనిషి ఏం చేస్తారు? బట్టలు తనే వేసుకోగలరా? వంట చేస్తారా, ఎంతసేపు పడుతుంది? ఒక పని మీద ఎంతసేపు మనసు పెట్టగలరు?

మూడేళ్ళ కిందట పార్కింగ్ లాట్‌లో మంచు మీద జారిపడి అక్క కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు, ఎముక అతికింది, కట్టు విప్పారు. నొప్పి మాత్రం తగ్గకపోగా పెరిగింది. చెయ్యి ఒకరోజు ఎర్రగా కాలుతూ ఉంటుంది, ఇంకోరోజు నీలంగా, చల్లగా ఉంటుంది. చున్నీ అంచు తగిలినా ఉలిక్కిపడుతుంది. చెయ్యి తడుపుకుందామంటే కుళాయి నీళ్ళ ధారే సూదుల్లా గుచ్చుకుంటుంది. రక్తపరీక్షల లాబ్‌లో పదకొండేళ్ళు చేసిన ఉద్యోగం పోయింది. ఏడాది తిరిగాక ఒక డాక్టరు దీనికి పేరు చెప్పాడు: కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్. పొట్టిగా సీఆర్‌పీఎస్.

మొదటి దరఖాస్తు తిరస్కరించారు. ఉత్తరంలో ఉన్నదాని సారాంశం ఇది: ఎముక అతికింది, పరీక్ష చేసిన రోజుల్లో వాపు కనిపించలేదు, చేతి బలం పెద్దగా తగ్గలేదు. ఆ వాపు నేను చూశాను. రాత్రి తొమ్మిదింటికి చూశాను, పండగరోజు చూశాను. డాక్టరు దగ్గరకు వెళ్ళిన ఉదయం పదింటికి అది లేదు.

సరే, వాపు చూశాను. మరి నొప్పిని చూశానా? ఆ ఫారం ముందేసుకుని నాలుగు రోజులు ఒక్క ముక్క రాయలేకపోయాను. రాయలేక చదవడం మొదలుపెట్టాను. ఇలాంటి నొప్పిని ప్రభుత్వానికి ఎలా నమ్మించాలన్న తగాదా మా అక్కతో మొదలైంది కాదు. దానికి నూటఅరవై ఏళ్ళు దాటాయి.

*

1863లో, అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా, ఫిలడెల్ఫియాలో టర్నర్స్ లేన్ అనే చోట నరాల గాయాల కోసం ప్రత్యేకంగా ఒక సైనిక ఆసుపత్రి ఏర్పాటయింది. నాలుగు వందల పడకలు. అక్కడ పనిచేసిన ముగ్గురు డాక్టర్లు సైలస్ వియర్ మిచెల్, జార్జ్ మోర్‌హౌస్, విలియం కీన్. తుపాకిగుండు ఎముకను వదిలేసి నరాన్ని ఒరుసుకుంటూ పోతే ఏమవుతుందో అంతమంది మనుషుల్లో ఒక్కచోట గమనించే అవకాశం అంతకుముందు ఏ వైద్యుడికీ దొరకలేదు.

గాయం మానిపోయిన సైనికులు కొందరు చేతిలోనో పాదంలోనో ఆరని మంటతో బాధపడుతుండటం వాళ్ళు చూశారు. చర్మం ఎర్రగా, నున్నగా మెరుస్తూ ఉండేది. కొందరు బూట్లలో నీళ్ళు పోసుకుని నడిచేవాళ్ళు. తడిగుడ్డ లేకుండా ఉండలేకపోయేవాళ్ళు. పక్కమంచం మీద ఎవరైనా వార్తాపత్రిక తిప్పితే ఆ చప్పుడుకీ, వార్డులో ఎవరైనా నడిస్తే ఆ అదురుకీ నొప్పి ఎగదన్నేది. 1864లో ముగ్గురూ కలిసి నరాల గాయాల మీద ఒక పుస్తకం వేశారు. మరి మూడేళ్ళకి మిచెల్ ఈ మంటనొప్పికి గ్రీకు మాటలతో 'కాసాల్జియా' అని పేరు పెట్టాడు. కాలడం, నొప్పి, ఆ రెండు మాటలే కలిపాడు. మా అక్క "మంటరా, మంట" అంటుందే, అదే.

ఇక్కడిదాకా చదివి మిచెల్ మీద నాకు గౌరవం కలిగింది. పుండు లేకపోయినా నొప్పి ఉందని నమ్మిన డాక్టరు కదా! ఇంకాస్త ముందుకు వెళితే అదే 1864లో అదే ముగ్గురు రాసిన మరో వ్యాసం కనిపించింది. దాని విషయం దొంగజబ్బులు. యుద్ధం నుంచి తప్పించుకోవడానికి నరాల జబ్బు నటించే సైనికుల్ని పట్టుకోవడం ఎలా అన్నది అందులో రాశారు. ఒక పద్ధతి ఈథర్ ఇవ్వడం. మత్తు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనిషి తన నటన మరిచిపోతాడు. కదలదన్న చెయ్యి కదులుతుంది.

అదే ఆసుపత్రి, అవే పడకలు, అవే మూడు పేర్లు. ఒక చేత్తో నొప్పిని వివరంగా రాసుకున్నారు, ఇంకో చేత్తో నొప్పి చెప్పేవాణ్ణి మత్తులో పెట్టి పరీక్షించారు. వాళ్ళని తప్పుపట్టడం తేలికే. కానీ సైన్యం వాళ్ళనుంచి కోరింది ఆ రెండూనూ: బాగుచెయ్యండి, అబద్ధమైతే చెప్పండి. డాక్టరు ఒకే మనిషి పక్కన వైద్యుడిగా, ఎదురుగా పరీక్షాధికారిగా నిలబడటం అప్పటిదే. ఇప్పటికీ వైకల్య దరఖాస్తు ఫైల్లో ఆ రెండు పాత్రలూ ఉన్నాయి. మందిచ్చే డాక్టరు ఒకరు, ప్రభుత్వం తరఫున ఒక్కసారి చూసి రిపోర్టు రాసే డాక్టరు ఇంకొకరు.

*

డాక్టర్లకు అంత అనుమానం ఎందుకంటే, దాని వెనక డబ్బుంది. 1862 జూలైలో అమెరికన్ కాంగ్రెస్ పెన్షన్ చట్టం చేసింది. యుద్ధంలో పూర్తిగా పనికిరాకుండా పోయిన మామూలు సిపాయికి నెలకు 8 డాలర్లు. కొంతమేర దెబ్బతింటే అందులో భాగం. కొలబద్ద ఏమిటంటే శరీరశ్రమ ఎంతవరకు చెయ్యగలడన్నది. 1864లో కొన్ని గాయాలకు విడిగా రేట్లు కట్టారు: రెండు చేతులూ పోతే 25 డాలర్లు, రెండు పాదాలూ పోతే 20.

పోయిన చెయ్యి ఎవరికైనా కనిపిస్తుంది, దానికి రేటు కట్టడం సులువు. ఉన్న చెయ్యి కాలుతూ ఉంటే ఎంత? పట్టికలో దానికి గడి లేదు. అలాంటివాడు పరీక్షించే సర్జన్ ముందు చెయ్యి చాపి, ఆయన రాసే భిన్నం కోసం ఎదురుచూడాలి. ఆ చెయ్యి ఆ పూట ఎర్రగా ఉంటే అదృష్టం.

1890లో మరో చట్టం వచ్చి యుద్ధంలో తగిలిన గాయమే అయుండాలన్న షరతు తీసేసింది. తొంభై రోజులు సైన్యంలో ఉండి, ఇప్పుడు శరీరశ్రమ చెయ్యలేకపోతే చాలు. ఆ దశాబ్దపు తొలినాళ్ళలో ఫెడరల్ ప్రభుత్వ ఆదాయంలో సుమారు నలభై శాతం పెన్షన్లకే పోయింది. పత్రికల్లో దొంగ పెన్షన్ల మీద గగ్గోలు. వైకల్యానికి డబ్బిచ్చే చట్టం ఎక్కడుంటే అక్కడ దాని వెనకాలే దొంగల భయం కూడా నడిచొస్తుందని నాకప్పుడు అర్థమైంది. చెయ్యి పోయినవాణ్ణి ఆ భయం ఏమీ చెయ్యదు. చెయ్యి ఉండి నొప్పి ఉన్నవాడి మీదే పడుతుంది.

*

తర్వాతి వందేళ్ళలో ఈ జబ్బు చాలా పేర్లు మార్చుకుంది. ప్రతి పేరు వెనకా చూపించడానికి ఒక గుర్తు కోసం వెతుకులాట ఉంది.

ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. అయిదేళ్ళకే జర్మన్ సర్జన్ పాల్ సుడెక్ ఇలాంటి చేతుల ఎముకలు పలచబడటం ఎక్స్‌రేలో చూపించాడు. దాంతో నొప్పికి మొదటిసారి ఫొటో దొరికినట్టయింది. చాలా దేశాల్లో డాక్టర్లు దీన్ని ఆయన పేరుతోనే పిలిచారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రెంచ్ సర్జన్ రెనె లెరీష్ దృష్టి సింపథటిక్ నరాల మీదికి పోయింది. మన ప్రమేయం లేకుండా చెమట పట్టించేవీ, రక్తనాళాల్ని బిగించేవీ ఆ నరాలే. 1946లో జేమ్స్ ఎవాన్స్ 'రిఫ్లెక్స్ సింపథటిక్ డిస్ట్రఫీ' అన్న పేరు ప్రచారంలోకి తెచ్చాడు. ఆ పేరులోనే కారణం కూడా చెప్పేశారు: సింపథటిక్ నరాల పని ఇది అని. తీరాచూస్తే అందరిలోనూ అలా లేదు. ఆ నరాల్ని మొద్దుబార్చినా కొందరికి నొప్పి పోలేదు.

చివరికి 1994లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం కారణం జోలికి పోకుండా, కనిపించేదాన్నిబట్టి కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్ అంది. నరానికి గాయమైనట్టు తేలకపోతే మొదటి రకం, తేలితే రెండో రకం. మిచెల్ చూసిన సైనికులది ఈ రెండోది. పేరు నిజాయితీగానే ఉంది. 'ఒకచోట వచ్చే చిక్కు నొప్పి' అన్నారంటే, మాకు ఇంకా తెలీదని ఒప్పుకున్నట్టే. అయితే సైన్సులో మెచ్చుకోదగ్గ ఈ ఒప్పుకోలే ఆఫీసులో ఇబ్బంది తెచ్చిపెట్టింది. ఆఫీసుకి కావలసింది తేలిన జబ్బు.

*

ఆ ఆఫీసు సంగతి. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టంలో వైకల్య భృతి లేదు. 1956లో ఐజెన్‌హోవర్ సంతకంతో వచ్చింది, అదీ యాభై నిండినవాళ్ళకే. 1960లో ఆ వయసు షరతు తీసేశారు. ఈ భృతి ఉద్యోగం చేస్తూ పన్ను కట్టినవాళ్ళకి. అంటే దీన్ని బీమా అనుకోవాలి. నిర్వచనం మాత్రం కఠినం. పరీక్షల్లో నిర్ధారించగల శారీరక, మానసిక లోపం ఉండాలి. అది కనీసం పన్నెండు నెలలు ఉండేదో, ప్రాణం తీసేదో అవ్వాలి. దానివల్ల పాత ఉద్యోగం ఒక్కటే కాదు, చెప్పుకోదగ్గ జీతం వచ్చే ఏ పనీ చెయ్యలేని స్థితి ఉండాలి. సగం వైకల్యానికి సగం డబ్బు అన్నది ఇందులో లేదు. అవును, కాదు, అంతే.

మా పెద్దమ్మ ఫోన్లో, "మనదగ్గరైతే ఎంత శాతం వేస్తారే?" అని అక్కని అడిగింది. ఆవిడ అడిగిందాంట్లో తప్పులేదు. మన దగ్గర వైకల్యం శాతాల్లో ఉంటుంది, కనీసం 40 ఉంటేనే సర్టిఫికెట్‌కి విలువ. కేంద్రం 2001లో ఇచ్చిన కొలతల్లో కాలి నొప్పికి కూడా మార్కులుండేవి: కొంచెమైతే 3, మధ్యరకమైతే 6, తీవ్రమైతే 9. అవి కూడా అదనపు మార్కులే. అంటే అసలు లెక్క కీలు ఎంత వంగుతుంది, కండరం ఎంత లాగుతుంది అన్నదాని మీద. నొప్పి ఒక్కటే ఉన్నవాడికి ఎంత ఏడ్చినా 9. ఆ కొలతల్లో నొప్పికి గడి ఉండేది, చిన్నది. ఇక్కడ గడి లేదు, కానీ నొప్పితో పని చెయ్యలేకపోతున్నానని రుజువు చేస్తే మొత్తం భృతి వస్తుంది. రుజువు చెయ్యడమే కష్టం.

1980లో వచ్చిన ఒక చట్టం భృతి తీసుకుంటున్నవాళ్ళని మళ్ళీ పరీక్షించమంది. రీగన్ ప్రభుత్వం వచ్చాక ఆ పని జోరందుకుని, కొద్ది సంవత్సరాల్లోనే దాదాపు 5 లక్షలమందికి భృతి ఆపేశారు. చాలామంది అప్పీళ్ళకి వెళ్ళి తిరిగి తెచ్చుకున్నారు. కోర్టులు మండిపడ్డాయి, కొన్ని రాష్ట్రాలు కేంద్రం చెప్పిన మాట వినడం మానేశాయి. ఆ గొడవంతా 1984 నాటి సంస్కరణ చట్టంతో సద్దుమణిగింది. ఆ చట్టంలోనే నొప్పి గురించి మొదటిసారి స్పష్టంగా రాశారు. దాని సారం: నొప్పి ఉందని మనిషి చెప్పినంతమాత్రాన సరిపోదు. అలాంటి నొప్పి పుట్టించగల లోపం ఏదో ఉన్నట్టు వైద్యపరమైన గుర్తులు కనిపించాలి. అవి ఉంటే మాత్రం ఆ మనిషి చెప్పేదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కాళ్ళు చేతులు పోనివాళ్ళకి ఇది తలుపు కాస్త తీసినట్టే. కానీ సీఆర్‌పీఎస్ ఉన్నవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. గుర్తులు కావాలన్నారు. వాళ్ళ గుర్తులు వచ్చిపోతుంటాయి.

*

2003లో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పనులు జరిగాయి.

మొదటిది బుడాపెస్ట్‌లో. సీఆర్‌పీఎస్‌ని ఎలా నిర్ధారించాలో తేల్చడానికి నిపుణులు అక్కడ సమావేశమయ్యారు. వాళ్ళు లక్షణాల్ని నాలుగు గుంపులు చేశారు: స్పర్శ, రంగు, వేడి, చెమట, వాపు, కదలిక, గోళ్ళు, వెంట్రుకలు. మనిషి తన నోటితో చెప్పేవి కనీసం మూడు గుంపుల్లో ఉండాలి. డాక్టరు పరీక్షలో తన కళ్ళతో చూసేవి కనీసం రెండు గుంపుల్లో ఉండాలి. నాకు ఆ లెక్క నచ్చింది. రోగి మాట, డాక్టరు చూపు, రెండూ పక్కపక్కన కూచున్నాయి అందులో.

రెండోది అమెరికాలో. ఆ ఏడాది అక్టోబరులో సోషల్ సెక్యూరిటీ సంస్థ ఈ ఒక్క జబ్బు కోసం ఒక రూలింగ్ విడుదల చేసింది. దాని నంబరు 03-2పి. ఆఫీసు భాషలో, ఏ మెరుపూ లేకుండా ఉంటుంది. తగిలిన దెబ్బకు మించిన నొప్పి ఎడతెగకుండా ఉంటూ, వాపు, చర్మం రంగులోనో వేడిలోనో మార్పు, చెమటలో తేడా, గోళ్ళూ వెంట్రుకలూ మరీ త్వరగానో మరీ నెమ్మదిగానో పెరగడం, ఎముక పలచబడటం, అదుపులేని కదలికలు, వీటిలో ఒక్కటైనా దెబ్బ తగిలాక ఎప్పుడైనా సరే వైద్యులు చూసి రాసిపెట్టి ఉంటే, జబ్బు ఉన్నట్టే తీసుకోవచ్చంది.

'ఎప్పుడైనా సరే'. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇంకా కిందికి వెళితే, ఈ జబ్బులో గుర్తులు వచ్చిపోవడం సహజమనీ, ఒక పరీక్షలో కనిపించి ఇంకో పరీక్షలో కనిపించనంతమాత్రాన జబ్బు లేదనకూడదనీ ఉంది. రికార్డుల్లో ఒకదానికొకటి పొసగని మాటలుండటం ఇలాంటి కేసుల్లో మామూలేనట. అంటే ఫిలడెల్ఫియా సర్జన్ల నాటినుంచి అనుమానానికి ఆధారంగా వాడుకున్న విషయం, 'నిన్న ఉంది, ఇవాళ లేదు' అన్నది, ఇక్కడ జబ్బు లక్షణాల్లో ఒకటిగా కాగితమెక్కింది. దానికి ఇంత కాలం పట్టింది.

దీంతో భృతి వచ్చేస్తుందని కాదు. సంస్థ దగ్గరున్న జబ్బుల జాబితాలో సీఆర్‌పీఎస్ లేదు. కాబట్టి జబ్బు ఉందని ఒప్పుకున్నాక కూడా, ఈ మనిషి ఇంకా ఏం చెయ్యగలదో తేల్చాలి. ఎంత బరువు ఎత్తగలదు, కుడిచేత్తో ఎంతసేపు పట్టుకోగలదు. ఎనిమిది గంటల పనిలో మూడోవంతు మించకుండా అయితే దాన్ని 'అప్పుడప్పుడు' అంటారు. ఆ మూడోవంతు దగ్గర తీర్పులు అటూ ఇటూ అవుతాయి. అప్పీలులో జడ్జి ముందు ఉద్యోగాల నిపుణుడొకరు కూచుని, అంతమాత్రం చెయ్యి ఆడేవాళ్ళకి దేశంలో ఏయే ఉద్యోగాలున్నాయో చెబుతారు. వాళ్ళు దశాబ్దాలుగా ఆధారపడుతున్న వృత్తుల నిఘంటువు చివరిసారి సవరించింది 1991లో. నొప్పి, మందుల మత్తు మనసుని నిలవనీయకపోతే అది కూడా లెక్కలోకి తీసుకోమని రూలింగ్ చెబుతోంది. ఇరుగుపొరుగు, చుట్టాలు, పాత యజమానులు చెప్పేది కూడా పనికొస్తుందంది. ఆ చుట్టాల్లో నేనొకణ్ణి.

2016లో ఇంకో మార్పు వచ్చింది. అప్పటిదాకా దరఖాస్తుదారు మాటల్ని తూచేటప్పుడు 'విశ్వసనీయత' అన్న మాట వాడేవాళ్ళు. ఆ మాటని సంస్థ తన విధానంలోంచి తీసేసింది. మనం తేలుస్తున్నది మనిషి గుణం ఎలాంటిదని కాదు, చెప్పిన లక్షణాలు రికార్డుతో ఎంతవరకు సరిపోతున్నాయో చూడాలి అంది. ఈథర్ వ్యాసం అచ్చయిన 152 ఏళ్ళకి.

*

అక్కకి ఇదంతా చెబితే, ఓపిగ్గా విని, "అయితే వాపొచ్చినప్పుడు డాక్టరు కళ్ళబడాలి, అంతేగా" అంది. అంతే. అప్పీలుకు అరవై రోజుల గడువుంది. ఆమె ఆ రోజు నుంచి చెయ్యి రంగు మారినప్పుడల్లా ఫొటో తీసి తేదీ, టైము రాసుకుంటోంది. క్లినిక్‌కి ఫోన్ చేసి, ముందస్తు అపాయింట్‌మెంట్ లేకుండా వాపున్న పూట వస్తానని అడిగి ఒప్పించుకుంది. రెండుసార్లు అలా వెళ్ళింది. రెండోసారి నర్సు రెండు చేతుల ఉష్ణోగ్రతా కొలిచి రాసింది. ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టినప్పుడు అక్క మొహంలో కనిపించింది సంతోషమేనేమో. చెయ్యి అంత బాధపెడుతున్న రోజున సంతోషించాల్సి రావడం ఏమిటో.

ఫారం దగ్గరకొచ్చేసరికి భాష అడ్డొచ్చింది. అక్క నొప్పి తెలుగులో ఉంటుంది. సలుపుతోంది అంటుంది, గుంజుతోంది అంటుంది, జివ్వుమంది అంటుంది. ఎప్పుడు ఏది అంటుందో నాకు తెలుసు. సలుపు రాత్రిళ్ళు, జివ్వుమనడం ఏదైనా తగిలినప్పుడు. మొదట వీటికి ఇంగ్లీషు మాటలు వెతికి పేరా నింపాను. "ఘోరమైన", "భరించలేని" లాంటివి కూడా రాశాను. అక్క చదివి పెన్ను అడిగింది. ఎడంచేత్తో అవి కొట్టేసింది.

"నువ్వు భరించావా? చూసింది రాయి."

మళ్ళీ రాశాను. వంట ప్రశ్న దగ్గర ఇలా రాశాను: నవంబరు రెండో ఆదివారం నేను వాళ్ళింట్లో ఉన్నాను. పప్పు గిన్నె ఎడంచేత్తో దించింది. గరిటె కుడిచేత్తో పట్టుకోబోయి వదిలేసింది. ఎర్రబడిన వేళ్ళు ఎడంచేతివాటికంటే లావుగా కనిపించాయి. పన్నెండు నిమిషాలు గోడకి ఆనుకుని నిలబడింది. ఆ టైము నాకెలా తెలుసంటే, పొయ్యి మీద గడియారం ఉంది. తర్వాత మిగిలిన వంట వాళ్ళ పన్నెండేళ్ళ పిల్ల చేసింది.

అక్క అది రెండుసార్లు చదివింది. "పన్నెండు కాదు, ఎక్కువే," అంది. గడియారం చూశానన్నాను. "సరే, పన్నెండే ఉంచు" అని సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది.